సవరించి మళ్ళీ సమర్పించడం: నా పీహెచ్‌డీ పునఃపరీక్ష అనుభవం

నా సిద్ధాంత గ్రంథాన్ని చదివిన ఇద్దరు బయటి పరీక్షకుల్లో ఒకరు ఆమోదించారు. రెండవవారు మాత్రం గ్రంథాన్ని సవరించి పునఃపరీక్షకు పంపాలని రాశారు. చెన్నైలో నాతోపాటు పరిశోధన చేస్తున్న తెలుగు మిత్రుల్లో చాలామంది ఈ మాట వినగానే డిగ్రీ చేజారిపోయినట్టే అనుకున్నారు. అలా అనుకోవలసిన పని లేదు. అచ్చుతప్పులూ పాదసూచికలూ సరిదిద్దే చిన్న సవరణలైతే గైడ్ ధ్రువీకరణతోనే ముగుస్తాయి. పునఃపరీక్షలో, మార్చిన గ్రంథాన్ని అదే పరీక్షకులు మళ్ళీ చదివి కొత్త నివేదిక ఇస్తారు. అది అనుకూలంగా వచ్చిన తరువాతే మౌఖిక పరీక్ష ఉంటుంది. తిరస్కరణ దారి పూర్తిగా వేరు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం, ఒక పరీక్షకులు తిరస్కరిస్తే గ్రంథం మరొక పరీక్షకుల దగ్గరికి వెళుతుంది, వారు కూడా ఒప్పుకోకపోతే డిగ్రీ రాదు. నాకు వచ్చినది ఆ నివేదిక కాదు.

1920 నుంచి 1940 వరకు మద్రాసు నుంచి వెలువడిన తెలుగు పత్రికల్లోని మందుల ప్రకటనలు నా పరిశోధనాంశం. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రికగా వచ్చింది. భారతి 1924లో, గృహలక్ష్మి 1928లో ఈ నగరంలోనే పుట్టాయి. మొదటి రెండు పత్రికలనూ స్థాపించినవారు అమృతాంజనం అధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు గారు. గృహలక్ష్మిని నడిపినవారు లోధ్ర మందు తయారుచేసిన డాక్టర్ కె. ఎన్. కేసరి గారు. మందు అమ్మేవారే పత్రికను కూడా నడిపిన ఆ కాలంలో, ప్రకటనలను బట్టి స్త్రీ పాఠకుల ఆరోగ్య భావనలు ఎలా మారాయో చెప్పవచ్చునన్నది నా వాదం.

నివేదిక పొడవైనది, కొన్నిచోట్ల కటువైనది కూడా. ఫోన్ చేస్తే మా గైడ్ గారు, "ఇవాళ దాన్ని ఇంకోసారి చదవకమ్మా. సోమవారం ప్రింటు తీసుకుని రా, ఇద్దరం కూర్చుని చూద్దాం" అన్నారు. ఆ సోమవారం మేము చేసిన పని మిగిలిన నెలలన్నిటికీ దారి చూపించింది. నివేదికలోని ప్రతి వాక్యానికీ ఒక సంఖ్య వేసి, అది ఏ అధ్యాయాన్ని, ఏ వాదాన్ని తాకుతుందో పక్కన రాసుకున్నాము. మూడవ అధ్యాయం బలహీనంగా ఉందనీ, ముగింపు తొందరపడిందనీ, ఆధారాల చర్చ చాలదనీ విడివిడిగా కనిపించిన వ్యాఖ్యలన్నిటి కింద ఉన్న ఆక్షేపణ ఒక్కటే: ప్రకటన అమ్మేవారి ఊహను చెబుతుంది గాని, చదివినవారి నమ్మకాన్ని చెప్పదు. అది తెలిసిన తరువాత, వ్యాఖ్యకొక పేరా చొప్పున అతికించుకుంటూ పోవడం వల్ల ఏ ప్రయోజనమూ ఉండదని ఇద్దరికీ అర్థమైంది.

అందువల్ల పాఠకుల ఉత్తరాల వైపు తిరిగాను. ప్రశ్నలు అడుగుతూ, మందు వాడిన సంగతి చెబుతూ, ఒక్కొక్కసారి సంపాదకులతో వాదిస్తూ స్త్రీలు రాసిన ఉత్తరాలను ప్రకటనల పక్కన పెట్టి చదివితే, రెండూ ఒకే మాట చెప్పే చోట్లు కొన్నీ, విడిపోయే చోట్లు మరికొన్నీ కనిపించాయి. అచ్చయిన ఉత్తరం కూడా సంపాదకులు ఎంచుకున్నదే అన్న పరిమితిని అక్కడికక్కడే ఒప్పుకుంటూ రాశాను. మూడవ అధ్యాయాన్ని పూర్తిగా పక్కన పెట్టి కొత్తగా రాయవలసి వచ్చింది.

ఏయే సంచికలు చూశారు, ఏవి దొరకలేదు అన్నది పరీక్షకుల రెండవ ప్రశ్న. అది గుమాస్తా పనిలా కనిపించినా, గ్రంథాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చినది అదే. గ్రంథాలయాల్లో పాత పత్రికలను సంపుటాలుగా బైండు చేసేటప్పుడు అట్టలనూ ప్రకటనల పుటలనూ తీసివేయడం తరచుగా జరిగేది. ఎగ్మూరులో 1896 నుంచి ఉన్న కన్నెమరా గ్రంథాలయం మొదలుకొని నేను తిరిగిన ప్రతిచోటా, పుటల సంఖ్యల వరుసనూ కుట్టునూ పరిశీలిస్తూ సంపుటాలను మళ్ళీ చూశాను. ఒక సంవత్సరంలో ప్రకటనలు తగ్గాయంటే వ్యాపారం తగ్గిందని కాక, మనకు మిగిలిన ప్రతిలో ఆ పుటలు లేవని కూడా కావచ్చు. సంవత్సరాల వారీగా చూసిన సంచికలు, వాటిలో అట్టతో సహా దొరికినవి, దొరకనివి ఒక అనుబంధంగా చేర్చి, ఆ పట్టిక నిలబెట్టలేని అంకెలన్నిటినీ గ్రంథం నుంచి తొలగించాను. ఈ ఒక్క ప్రశ్నకు ఆ పరీక్షకులకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మూడవ కోరికను మాత్రం అంగీకరించలేదు. 1926లో మొదలైన ఆనంద వికటన్ వంటి తమిళ పత్రికలతో పోలిక చేర్చాలని వారు అడిగారు. అది మరొక గ్రంథానికి సరిపడే పని. అడిగినదల్లా చేయనక్కరలేదని, చేయనిదానికి కారణం మాత్రం గ్రంథంలోనే ఉండాలని గైడ్ గారు చెప్పారు. పరిధిని వివరించే పుటలు పీఠికలో చేర్చి, తమిళ పరిశోధకులు ఈ పోలికను ఎక్కడ మొదలుపెట్టవచ్చో సూచించాను. ఆక్షేపణ, దానికి సమాధానం, మార్పు జరిగిన పుట సంఖ్య మూడూ కనిపించే సమాధాన పత్రాన్ని గ్రంథంతోపాటు పంపాము. ఆ పత్రంలో ఎంత వివరంగా వాదించినా, ఆ మార్పు గ్రంథంలో కనిపించకపోతే పరీక్షకులు ఒప్పుకోరు. పుట సంఖ్యలు వేస్తున్నప్పుడు మార్పు లేని చోట్లు నాకే బయటపడ్డాయి.

సమర్పణకు ముందు సారూప్యత పరీక్ష, అంటే గ్రంథం ఇతర రచనలతో ఎంతవరకు సరిపోలుతుందో సాఫ్ట్‌వేరుతో చూసే పరీక్ష, మళ్ళీ చేయించాలి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సారూప్యత 10 శాతం దాటితే, 40 శాతం వరకు, ఆరు నెలలకు మించని గడువులో సవరించిన ప్రతిని ఇవ్వవలసి ఉంటుంది. మొదటిసారి ఇచ్చిన ప్రతి సాఫ్ట్‌వేరు భాండారంలో నిలిచి ఉంటే, కొత్త ప్రతిలో అధిక భాగం దానితోనే సరిపోలినట్టు చూపిస్తుంది. పాత ప్రతిని పోలిక నుంచి మినహాయించమని గ్రంథాలయం వారిని ముందుగానే రాతపూర్వకంగా కోరడం మంచిది. రుసుము, దరఖాస్తు, గైడ్ ధ్రువపత్రం వంటివి విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతాయి. గడువు తేదీని మాత్రం నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోవాలి.

రెండవ నివేదిక క్లుప్తంగా వచ్చింది: వైవాకు (మౌఖిక పరీక్షకు) సిఫారసు చేస్తున్నామని, అనుబంధం ఉపయోగకరంగా ఉందని. మౌఖిక పరీక్షలో ఎక్కువ ప్రశ్నలు ఉత్తరాల గురించే అడిగారు. ఆ తరువాత, సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే జాతీయ భాండారమైన శోధ్‌గంగాకు పంపే సీడీలో ఏ ప్రతి ఉందో తెరిచి చూసుకోవడం నా చివరి పని అయింది. పాత, కొత్త ఫైళ్ళకు ఒకే పేరు ఉండటం గమనించి, అనుబంధం ఉన్న పుట తెరిచి నిర్ధారించుకున్న తరువాతే దానిని గ్రంథాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను.