చందమామ కోసం నెల రోజులు

జూన్‌లో బడి తెరవగానే మా నాలుగో తరగతి పిల్లలతో తడి దూదిలో పెసలు పెట్టిస్తాను. ఆకు కంటే ముందు వేరు వస్తుందని వాళ్లు కళ్లారా చూడాలి. పరిసరాల విజ్ఞానంలో మిగతావి, నీటి ఆవిరి, మేఘాలు, మనం తినే ఆహారం, చకచకా సాగిపోతాయి.

చందమామ దగ్గర మాత్రం నెలంతా ఆగుతాను. అమావాస్య నుంచి అమావాస్యకి సుమారు 29న్నర రోజులు. కనిపించిన ప్రతిరోజూ నోట్‌బుక్‌లో బొమ్మ గీయాలి. మబ్బు పట్టిన రోజు గడి ఖాళీగా వదిలేయమంటాను, ఊహించి గీస్తే ఒప్పుకోను.

ఈ ఏడాది బహుళ సప్తమి నాడు ఒక పాప పరిగెత్తుకొచ్చి, "టీచర్, పొద్దున్నే చందమామ ఉన్నాడు!" అంది. లెక్కల పాఠం ఆపేసి అందరం గ్రౌండ్‌లోకి వెళ్లాం. పడమర వైపు, వేపచెట్టు మీద, తెల్లగా సగం చంద్రుడు.