రన్‌వే కనిపించక ముందే

పదో తరగతిలో మా లెక్కల మాస్టారు జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే మార్కు వేసేవారు కారు. పై నుంచి కిందికి చూసే కోణాల, అంటే నిమ్నకోణాల, పాఠం చెప్పేటప్పుడు బడి మేడ మీద నిలబెట్టి, కింద చెట్టు మొదలు ఎంత దూరమో లెక్క కట్టించేవారు. ఈనాడు నా పైలట్ ఉద్యోగమంతా ఆ పాఠం మీదే నడుస్తోంది.

మేఘాల్లో రన్‌వే కనిపించనప్పుడు రన్‌వే వైపు దారి చూపే ఐఎల్‌ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్) రేడియో సంకేతాల ఆధారంగా దిగుతాము. ఆ సంకేతం చూపే వాలు సాధారణంగా 3 డిగ్రీలు. నాటికల్ మైలుకు 6,076 అడుగులు కనుక, టాన్ 3 డిగ్రీలతో గుణిస్తే మైలుకు సుమారు 318 అడుగులు దిగాలని తేలుతుంది. భూమితో పోల్చిన వేగం 140 నాట్లు (గంటకు 140 నాటికల్ మైళ్ళు) అయితే నిమిషానికి 740 అడుగుల చొప్పున దిగాలి. వెనుక గాలి తోడైతే ఇంకా ఎక్కువ. ఈ అంకెలను మేఘంలోకి వెళ్ళాక వెతుక్కునే తీరిక ఉండదు కాబట్టి, విమానం ఇంకా పైన నిలకడగా సాగుతున్నప్పుడే చార్టు తెరిచి, లోకలైజర్ (రన్‌వే మధ్యగీతకు సూటిగా నడిపే సంకేతం) ఫ్రీక్వెన్సీ, దిశ, డెసిషన్ ఆల్టిట్యూడ్ (రన్‌వే కనిపించకపోతే దిగడం ఆపి తిరిగి పైకి ఎక్కాల్సిన ఎత్తు) ఒకరు చదవగా మరొకరు సరిచూస్తారు. ఎత్తు అడుగుల్లోనూ, రన్‌వే మీది దృశ్యమానత మీటర్లలోనూ ఉంటాయి. మాస్టారి పట్టుదల విలువ అక్కడ తెలుస్తుంది.

అన్నిటికన్నా నేను భయపడేది క్యుఎన్‌హెచ్ పొరపాటుకు. ఎత్తు చూపే పరికరంలో మేము అమర్చే వాయుపీడనపు అంకె అది. ఆ పీడనంలో ఒక్క హెక్టోపాస్కల్ తేడా వస్తే ఎత్తులో 27 నుంచి 30 అడుగుల తేడా వస్తుంది. పది తప్పితే దాదాపు 300 అడుగులు. ఐఎల్‌ఎస్‌లో మొదటి స్థాయి అయిన కేటగిరీ 1లో డెసిషన్ హైట్, అంటే అదే నిర్ణయపు ఎత్తును రన్‌వే నుంచి కొలిచినది, కనిష్ఠంగా 200 అడుగులే. అందుకే ఆ అంకెను ఇద్దరమూ బిగ్గరగా చెప్పుకుంటాము.

దిగడం కుదరకపోతే తిరిగి పైకి ఎక్కే పద్ధతిని మిస్డ్ అప్రోచ్ అంటారు. చాలామంది దాన్ని దిగేముందు చార్టు చదివి చెప్పుకునే బ్రీఫింగ్ చివర్లో చదువుతారు. నేను దానినే ముందు చదువుతాను. రన్‌వే కనిపించకపోతే ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు ఎక్కాలి అన్నది స్థిరపడితేనే తక్కిన పని మీద మనసు నిలుస్తుంది. రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం విషయంలో ఇది మరీ అవసరం. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది, విమానాశ్రయమేమో కొండ కింద మైదానంలో. శేషాచలం కొండలను చూస్తూ పెరిగినవాణ్ణే అయినా, మేఘంలో ఆ జ్ఞాపకాన్ని నమ్మను; 25 నాటికల్ మైళ్ళ పరిధిలో అడ్డంకులకు కనీసం 1,000 అడుగుల ఎడం ఉండేలా చార్టులో ముద్రించిన సురక్షిత ఎత్తునే నమ్ముతాను.

ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇంకొక లెక్క కూడా ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే తిరుపతి, చెన్నై రెండూ ఒకే వానలో మునుగుతాయి. దగ్గరగా ఉందని చెన్నైని ప్రత్యామ్నాయంగా పెట్టుకుంటే రెండు చోట్లా దిగలేని స్థితి రావచ్చు. అటువంటి రోజుల్లో బెంగళూరు, హైదరాబాదు వాతావరణ నివేదికలు చూసి, అంత దూరానికి సరిపడే ఇంధనం నింపించుకున్నాకే బయలుదేరుతాను.