జీతం మీద పుట్టిన రైఫిల్

మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మా అబ్బాయి బయల్దేరింది బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ చూడ్డానికి. 1891లో ఆ ఆట పుట్టిన ఊరు అదే మరి. నా కన్ను మాత్రం అక్కడి పాత ఆయుధ కర్మాగారం మీద. పొద్దున నాది, మధ్యాహ్నం వాడిది అని రాజీకొచ్చాం.

1794 నుంచి 1968 దాకా అమెరికా సైన్యానికి తుపాకులు చేసిన చోటు అది. ఇప్పుడు కొంత భాగంలో కాలేజీ ఉంది, కొంత భాగం మ్యూజియం. టికెట్ లేదు.

నేను చూడాలనుకున్నది ఎం1 గరాండ్ అనే రైఫిల్. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్, జపాన్ సిపాయిల్లో ఎక్కువమంది ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ (తూటాని గొట్టంలోకి తోసే కడ్డీ) లాగి కాల్చేవాళ్లు. అమెరికన్ సిపాయి ట్రిగ్గర్ నొక్కితే చాలు. తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది, ఖాళీ తొడుగు ఎగిరిపోయి తర్వాతి తూటా తనే వచ్చి కూర్చుంటుంది. ఎనిమిది తూటాలూ అయిపోగానే వాటిని పట్టి ఉంచే స్టీల్ క్లిప్ టింగుమని బయటికి దూకుతుంది. ఆ చప్పుడు విని శత్రువు మీదపడేవాడని ఒక కథ ఉంది. ఫిరంగుల మోతలో ఎవరికి వినపడుతుందిలెండి! బొటనవేలు నలగడం మాత్రం నిజం. క్లిప్ లోపలికి నొక్కి వేలు తీయడం ఆలస్యమైతే బోల్ట్ కొరికేస్తుంది.

నిజానికి దీన్ని రూపొందించిన జాన్ గరాండ్ మొదట చిన్న తూటాకి, పది పట్టేలా తయారుచేశాడు. 1932లో సైన్యాధిపతి మెకార్థర్ ఒప్పుకోలేదు, పాత తూటాల నిల్వలు బోలెడు ఉన్నాయిగా. అలా ఎనిమిదికి వచ్చింది. 1936లో సైన్యం తీసుకుంది. యుద్ధం అయ్యేసరికి దాదాపు 40 లక్షలు తయారయ్యాయి. ఇక్కడి మెషిన్ల మీద వేలమంది ఆడవాళ్లు పనిచేశారు. ఆ ఫోటోల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. “నాన్నా, తుపాకులు చూస్తానని ఫోటోలు చూస్తున్నావేంటి?” అన్నాడు మావాడు.

జాన్ గరాండ్ కెనడాలో పుట్టి, చిన్నప్పుడే కనెక్టికట్‌కి వచ్చి, బట్టల మిల్లులో నేల ఊడ్చి, అక్కడే మెషిన్ల పని నేర్చుకున్నాడు. 1919లో ఇక్కడ ఉద్యోగంలో చేరాడు. రైఫిల్‌తో పాటు దాన్ని వేలల్లో తయారుచేసే పనిముట్ల మీద కూడా బుర్ర పెట్టాడు. “ఇంత వరకు తయారైన యుద్ధ సాధనాల్లో ఇదే గొప్పది” అని జనరల్ పాటన్ మెచ్చుకున్నాడు. గరాండ్‌కి దక్కింది మాత్రం నెల జీతమే, రాయల్టీ లేదు. లక్ష డాలర్లు ఇవ్వాలని అమెరికన్ కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు కానీ అది నెగ్గలేదు. 1953లో రిటైరైనప్పుడు 10,00,000 నంబరు రైఫిల్ చేతిలో పెట్టారు. పాత తుపాకులు సేకరించేవాళ్లు ఇప్పుడు గరాండ్ అంటే ఎగబడతారు. ఆ ఒక్క రైఫిల్ 2018లో వేలంలో 2,87,500 డాలర్లకు పోయింది.