ఆకారం మిగిలింది, అరగొనైట్ మిగిలిందా?

కాతేరు సున్నపురాయిని పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టగానే మా పిల్లలు అనే మొదటి మాట, "ఎంత బాగా మిగిలిందో మేడమ్!" అని. నా పేచీ అక్కడే మొదలవుతుంది. ఏం మిగిలింది?

రాజమహేంద్రవరం దగ్గర, దక్కన్ లావా పొరల నడుమ దొరికే ఈ రాళ్లలో నియోమెరిస్, అసిక్యులేరియా వంటి ఆకుపచ్చ సముద్ర శైవలాల (నాచుల) శిలాజాలు ఉన్నాయని ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు, వియన్నా శాస్త్రవేత్త జూలియస్ పియా 1930లలోనే రాశారు. ఈ జాతులు బతికున్నప్పుడు ఒంటికి సున్నం పట్టించుకుంటాయి. ఆ సున్నం అరగొనైట్, మైక్రాన్లలో కొలవాల్సినంత చిన్న స్ఫటికాలు. కాల్సైట్‌ది కూడా అదే రసాయనం, కాల్షియం కార్బొనేట్. పరమాణువుల అమరికే వేరు. నేల మీద నిలకడైనది మాత్రం కాల్సైటే. మంచినీరు ఇంకిన చోట అరగొనైట్ కరుగుతుంది, ఆ ఖాళీలో కాల్సైట్ పెరుగుతుంది. మైనం కరిగాక అచ్చులో కంచు పోసినట్టే: విగ్రహం అదే, పదార్థం వేరు.

అందుకే పారిస్‌కు పడమటనున్న గ్రిన్యాన్ ఇసుక అంటే నాకు అసూయ. సుమారు 4.5 కోట్ల ఏళ్లు గడిచినా అది గట్టి రాయిగా బిగియలేదు. ఫ్రెంచ్ జీవశాస్త్రవేత్త లామార్క్ వర్ణించిన గుల్లలెన్నో అక్కడివే, వాటి అరగొనైట్ ఇప్పటికీ ఉంది. ఆ ప్రాంతంలో అదే భూయుగానికి (ఇయోసీన్) చెందిన ఇసుకల్లోని శైవలాల్లోనూ అంతే.

కంటిచూపుతో తీర్పు చెప్పకూడదని నా పట్టుదల. ఫైగల్ ద్రావణం పూస్తే అరగొనైట్ నల్లబడుతుంది, కాల్సైట్‌కు రంగు పట్టదు. స్ఫటికాలు కిరణాలను ఏ కోణంలో బలంగా మళ్లిస్తాయో కొలిచే, రాగి గొట్టమున్న ఎక్స్-రే యంత్రంలో అరగొనైట్ ప్రధాన శిఖరం 26.2 డిగ్రీల దగ్గర, కాల్సైట్‌ది 29.4 దగ్గర వస్తుంది. అయినా పని సగమే అయింది. ఖనిజం అరగొనైటే అయినా స్ఫటికాలు మొదట పేరుకున్న తీరులోనే ఉన్నాయా అన్నది ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడాలి. కాబట్టి మా ప్రయోగశాల చీటీల మీద "బాగా మిగిలింది" అని రాయనివ్వను. ఆకారం, ఖనిజం, అల్లిక (స్ఫటికాలు పేరుకున్న తీరు) అని మూడు గడులు, మూడూ నింపాలి.

ఇది చాదస్తమని వెనక గొణుగుతారని తెలుసు. గొణగనివ్వండి. కాల్సైట్‌గా మారిన ముక్కలో, సముద్రపు నీటి నుంచి సున్నంలోకి చేరే స్ట్రాన్షియం అనే మూలకాన్ని కొలిచి పాత సముద్రం గురించి రాసేస్తే, ఆ అంకె చాలావరకు తర్వాత రాతిలోకి దిగిన నీటిదే అవుతుంది.