స్టీరింగ్ కాలమ్ బిగుసుకోకుండా చూడటం: చెన్నైలో నా అనుభవం

కారు ఎదురుగా గుద్దుకుంటే స్టీరింగ్ కాలమ్, అంటే స్టీరింగ్ వీల్‌ను మోసే గొట్టం, రెండు పనులు చెయ్యాలి. ఇంజన్ వైపు తోపుకు వీల్ డ్రైవరు గుండెల మీదికి రాకూడదు. డ్రైవరు వీల్ మీద పడితే మాత్రం అది లోపలికి జారాలి. మొదటి పనిని చాలావరకు కాలమ్‌ను కింది స్టీరింగ్ గేర్‌కు కలిపే ఇంటర్మీడియట్ షాఫ్ట్ చూసుకుంటుంది, ముడుచుకుని కురచవుతుంది. ఐక్యరాజ్యసమితి 12వ నిబంధన ప్రకారం గంటకు 48.3 కి.మీ. వేగంతో గోడను గుద్దినా కాలమ్ వెనక్కి వచ్చే దూరం 127 మి.మీ. దాటకూడదు. నన్ను సతాయించింది రెండోది.

లెక్క తేలికే. అదే నిబంధన పరీక్షలో సుమారు 35 కిలోల మొండెం బొమ్మను గంటకు 24.1 కి.మీ. వేగంతో వీల్ మీదికి వదులుతారు. దాని శక్తి 784 జౌళ్లు. బలం 11.11 కిలోన్యూటన్లు మించకూడదు. సగటున 8 కిలోన్యూటన్ల దగ్గర ఆపాలంటే సుమారు 98 మి.మీ. జారుడు కావాలి. కాస్త వీల్ రిమ్ వంగి ఇస్తుంది, మిగతాది కాలమ్‌లో మడతపడుతూ పోయే ఉక్కు పట్టీ ఇవ్వాలి. చెన్నై పక్కన ఒరగడం అనే ఊరి దగ్గర మేం కాలమ్‌ను నిటారుగా పెట్టి పైనుంచి బరువు వేస్తే గ్రాఫ్ చక్కగా వచ్చింది. మొండెం బొమ్మతో కొడితే సగంలోనే బిగుసుకుపోయింది.

కారణం వాలు. కాలమ్ 25 డిగ్రీలు వాలి ఉంటుంది, దెబ్బేమో అడ్డంగా వస్తుంది. 8 కిలోన్యూటన్లలో 3.4 దాకా కాలమ్‌ను పైకి ఎత్తుతూ వంచడానికే పోతుంది. సొరుగును ఒక మూల పట్టి తోస్తే ఇరుక్కుంటుందే, అదే ఇది. కాలమ్‌లో ఒకదాన్లో ఒకటి జారే రెండు గొట్టాలను జాకెట్లంటారు. పై జాకెట్ కింది జాకెట్‌లోకి 60 మి.మీ. దూరి, వీల్ దాని అంచుకు 250 మి.మీ. ముందుంటే, ఘర్షణ గుణకం 0.15 అనుకున్నా ఘర్షణ ఒక్కటే 4.8 కిలోన్యూటన్లు తింటుంది. దూరిన పొడవు 100 చేస్తే 3.1కి దిగుతుంది. పట్టీ మందం తగ్గించి సరిపెట్టాలని మేం మొదట చూశాం. అది తప్పు దారి. ముందు పొడవు పెంచాలి, తర్వాతే పట్టీ. ఓ మాట: జారే కొద్దీ పొడవు పెరుగుతుంది కాబట్టి గండం మొదటి 20 మి.మీ.లోనే.

తర్వాత క్యాప్సూళ్లు. కాలమ్ బ్రాకెట్‌ను డ్యాష్ వెనక అడ్డంగా ఉండే క్రాస్ బీమ్‌కు పట్టి ఉంచి, దెబ్బకు ప్లాస్టిక్ పిన్నులు తెగి వదిలేసేవి ఇవే. బోల్టు బిగింపు క్యాప్సూల్ మీదే పడాలి. క్యాప్సూల్ ఎత్తు కాస్త తక్కువైతే బిగింపు బ్రాకెట్ రేకు మీద పడి, ఎడమది తెగి కుడిది ఆగుతుంది, కాలమ్ పక్కకు తిరిగి మళ్లీ ఇరుక్కుంటుంది. వేడి పరీక్ష వదలొద్దు. చెన్నై ఎండలో నిలిపిన కారులో పిన్నులు మెత్తబడతాయి, వీల్ పట్టుకుని సీట్లోకి ఎక్కే మనిషి బరువుకే తెగకూడదు.

చివరగా, జారే దారిలో ఏం అడ్డున్నాయో సీఏడీలో, అంటే కంప్యూటర్ డ్రాయింగులో, చూసి ఊరుకోకండి. వైర్లు వంగిన తీరు అందులో ఉండదు. పరీక్షకు ముందు లైట్లు, వైపర్ల మీటలుండే కాంబినేషన్ స్విచ్ వెనక, తాళంచెవి పెట్టే లాక్ కింద పిల్లలు ఆడుకునే రంగు మట్టి ముద్దలు అంటించాం. దెబ్బ తర్వాత ఒక ముద్దలో కనెక్టర్ మూల అచ్చు 4 మి.మీ. లోతున దిగి కనబడింది. కనెక్టర్ క్లిప్పును డ్యాష్ వైపుకు జరిపి మళ్లీ కొడితే మట్టి మీద గీత కూడా పడలేదు.