సినాప్సిస్ రెండోసారికి గట్టెక్కింది

నిన్న సాయంత్రం నా పీహెచ్‌డీ సినాప్సిస్‌కి (ఏం పరిశోధిస్తానో చెప్పే ప్లాన్) కమిటీ సరే అంది. మరచిపోకముందే రాసేస్తున్నాను.

ఎంట్రెన్స్, ఇంటర్వ్యూ, కోర్స్‌వర్క్ సాఫీగానే జరిగాయి. పోయిన ఫీజు రసీదు కోసం రెండు రోజులు తిరిగాను, అంతే.

అసలు కథంతా ఆర్నెల్ల కిందటి మొదటి ప్రెజెంటేషన్. నా టాపిక్ స్పెయిన్ ప్రజాస్వామ్యంలోకి ఎలా వచ్చిందన్నది. నలభై స్లైడ్లు చేసుకెళ్లాను. ఆదాయం, చదువు, పట్టణాలు పెరిగిన చోట ప్రజాస్వామ్యం నిలుస్తుందని లిప్‌సెట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1959లో రాశాడు. స్పెయిన్ 1960లలో బాగా ఎదిగింది, అందుకే 1975లో నియంత ఫ్రాంకో పోగానే మారిందని ధీమాగా చెప్పేశాను.

బయటి నుంచి వచ్చిన పెద్దాయన కళ్లజోడు తీశారు. "1951లో మన అక్షరాస్యత 18 శాతం. మరి మనకెలా వచ్చిందమ్మా?"

"ఇండియా మినహాయింపు సర్."

"ఇంతమంది జనం మినహాయింపా?"

గదంతా నవ్వు. నవ్వినవాళ్లలో మా గైడ్ కూడా ఉన్నారు. అది మాత్రం మర్చిపోను. సినాప్సిస్ తిరగరాసి తెమ్మన్నారు. వారం రోజులు లైబ్రరీ వైపే వెళ్లలేదు.

జవాబు నా బిబ్లియోగ్రఫీలోనే ఉంది. రస్టో అనే రాజనీతి శాస్త్రవేత్త 1970లో రాసిన వ్యాసం. చదవకుండానే లిస్టులో పెట్టాను (అందరూ చేసేదే, ఒప్పుకోరు). ప్రజాస్వామ్యాన్ని నిలబెట్టే కారణాలూ, పుట్టించే కారణాలూ ఒకటే కానక్కర్లేదంటాడాయన. నేను నిలవడానికి చెప్పిన కారణాన్ని తీసుకెళ్లి పుట్టుకకి అతికించానన్నమాట! 1997లో షెవోర్‌స్కీ, లిమోంజీ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కలు వేసి చూపించిందీ ఇంచుమించు ఇదే. సంపద పెరిగినంత మాత్రాన ప్రజాస్వామ్యం వచ్చెయ్యదు, వచ్చాక పడిపోకుండా మాత్రం కాపాడుతుంది.

మరి పుట్టించేదెవరు? ఈసారి పన్నెండు స్లైడ్లే, అన్నీ దానిమీదే. 1976 నవంబర్ 18న ఫ్రాంకో కాలపు పార్లమెంటే తన ఉనికికి చెల్లుచీటీ రాసే చట్టాన్ని 425-59 ఓట్లతో ఆమోదించింది. ఆ 425 మందిని ఎవరు, ఏ బేరాలతో ఒప్పించారన్నదే ఇప్పుడు నా ప్రశ్న. తలసరి ఆదాయం ఆ సంగతి చెప్పదు.

పెద్దాయన మళ్లీ కళ్లజోడు తీశారు. "వ్యతిరేకించిన 59 మంది ఎవరు?" ఫ్రాంకో వీరాభిమానులూ కొందరు సైనికాధికారులూ అని తడుముకోకుండా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

జూనియర్లూ, లంచ్ తర్వాతి స్లాట్ మాత్రం తీసుకోకండి. ఇండియా ప్రశ్న ఎలాగూ వస్తుంది, "మినహాయింపు" అనకండి.

బయటికొచ్చాక మా గైడ్, "నేను ముందే చెప్పాను కదా, రస్టో చదవమని" అన్నారు. ఎప్పుడు చెప్పారో నాకైతే గుర్తులేదు.