చల్లదనం నీళ్లలోనా, గ్లాసులోనా?

మా అమ్మాయికి చల్లటి నీళ్లంటే స్టీలు గ్లాసులోనే పోయాలి. "ప్లాస్టిక్ గ్లాసులో చల్లగా ఉండవు నాన్నా" అంటుంది. సీసా ఒకటే, నీళ్లు అవే అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. చివరికి ఒక రాత్రి స్టీలు, గాజు, ప్లాస్టిక్ గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి ఫ్రిజ్‌లో ఒకే అరలో పెట్టాం. పొద్దున థర్మామీటర్ ముంచి చూస్తే మూడింట్లోనూ 6 డిగ్రీలే.

కానీ కళ్లు మూసుకుని పట్టుకుంటే తేడా ఇట్టే తెలిసిపోయింది. స్టీలు గ్లాసు వేళ్లను జిల్లుమనిపించింది. గాజుది అంత లేదు. ప్లాస్టిక్ గ్లాసు ఏదో కాస్త చల్లగా ఉందంతే. అంటే అమ్మాయి మాటా నిజమే, థర్మామీటర్ చెప్పిందీ నిజమే.

మన అరచేతి చర్మం మామూలుగా 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందులోని నరాలు పసిగట్టేది ఆ చర్మం ఎంత చల్లబడింది, ఎంత త్వరగా చల్లబడింది అన్నదే. స్టీలు తాకగానే వేలి వేడిని లాగేసుకుని పక్కకు పంపించేస్తుంది. ప్లాస్టిక్ అలా పంపలేదు. వేలు తాకినచోట దాని పైపొర క్షణాల్లో వెచ్చబడి, లోపలి చల్లదనానికి అడ్డంగా నిలబడిపోతుంది. వేడిని మోసే శక్తి గాజుకు సుమారు 1 అనుకుంటే ప్లాస్టిక్‌కు 0.2, స్టెయిన్‌లెస్ స్టీలుకు 15, అల్యూమినియానికి 200 పైమాటే. కూల్‌డ్రింక్ క్యాన్ గోడ మందం మిల్లీమీటరులో పదో వంతే కాబట్టి, దాన్ని పట్టుకుంటే దాదాపు లోపలి డ్రింక్‌నే ముట్టుకున్నట్టు ఉంటుంది.

తాగేటప్పుడు పెదవికి తగిలేదీ ముందు గ్లాసు అంచే. అందుకే తర్వాత అమ్మాయి కళ్లకు గంతలు కట్టి, మూడు గ్లాసుల నీళ్లూ స్ట్రాతో తాగించాను. ఏది స్టీలో చెప్పలేకపోయింది. రెండోసారి కూడా అడిగి తాగింది, అయినా తేల్చుకోలేదు.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది. వేడిని చకచకా లాక్కునే గ్లాసు, చేతిలో పట్టుకుని కూర్చుంటే ఆ వేడిని నీళ్లకూ అంతే త్వరగా అందిస్తుంది. ఇందుకు పూర్తిగా విరుద్ధం ఫ్లాస్కు: స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవార్ 1892లో తయారుచేసిన ఫ్లాస్కులో రెండు గోడల మధ్య గాలి లేకుండా తీసేశారు, వేడి దాటే దారిని చాలావరకు మూసేశారు. మా ఇంట్లో ఉన్నదీ ఆ రకం స్టీలు ఫ్లాస్కే. అమ్మాయి బయట చెయ్యి పెట్టి "ఇది చల్లగా లేదు" అంది. మూత తీస్తే, రాత్రి వేసిన ఐసు ముక్కలు ఇంకా తేలుతున్నాయి.